రూపాయికి అణా

"మీవారి జీతమెంతండీ?" అని ఎవరైనా అడిగారనుకోండి. ఆయన చెప్పే అంకె ఒకటి, ఆవిడ చెప్పే అంకె ఇంకొకటి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటంలేదు. ఆయనది ఆఫీసు కాగితం మీద ఉన్న జీతం, ఆవిడది ఇంటికొచ్చిన జీతం. ఈ రెండంకెల మధ్య ఉన్న సందులో ఓ పెద్ద చరిత్రే దాక్కుని ఉంది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఆవిడకీ ఓ ఉద్యోగం, ఓ జీతం చీటీ ఉన్నాయి కనుక ఆ చరిత్రలో ఆవిడకీ వాటా ఉంది. ఎంత వాటా అన్నదే అసలు పేచీ.

ఆ సందులో ముఖ్యమైన వస్తువు ప్రావిడెంట్ ఫండ్. స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది మనకి బొత్తిగా కొత్తదేమీ కాదు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 1920లోనే పెట్టారు. సర్కారీ నౌకర్ల ప్రావిడెంట్ ఫండుకి 1925లో చట్టం వచ్చింది. బొగ్గు గనుల్లో వాళ్ళకి 1948లో ఏర్పాటు చేశారు. మిగిలిన మిల్లుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మాత్రం యజమానికి దయ కలిగితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ముప్ఫై ఏళ్ళు మగ్గం దగ్గర నుంచున్న మనిషి ఓ రోజు కళ్ళు కనబడక మానేస్తే, ఆ నెల జీతం చేతిలో పెట్టి దణ్ణం పెట్టి పంపేసేవారు. దణ్ణం కూడా అందరూ పెట్టారని నేననుకోను.

1951 నవంబరులో ఆర్డినెన్సు, 1952 మార్చిలో చట్టం వచ్చాయి. అదే ఏడాది నవంబరు 1 నుంచి కోత మొదలైంది. అప్పుడు కేంద్రంలో కార్మికశాఖ మంత్రి మన వి.వి. గిరిగారే. మొదట ఆరు రకాల పరిశ్రమలకే పెట్టారు: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు సామాను, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టలు. అందులోనూ యాభైమందో అంతకు మించో పనిచేసే చోట్లకే, నెలకి 300 రూపాయల లోపు సంపాదించేవాళ్ళకే.

ఎంత కోసేవారో తెలుసా? నూటికి ఆరుంబావు. ఇదేం లెక్కరా బాబూ అనిపిస్తుంది గాని, పదహారణాల కాలంలో పుట్టినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అది సరిగ్గా రూపాయికి అణా. కార్మికుడి జీతంలోంచి ఓ అణా, యజమాని జేబులోంచి ఇంకో అణా. రెండూ కలిపి దాచి, దాని మీద నూటికి మూడు రూపాయల వడ్డీ.

వినడానికి ఎంత బావుందో చూశారా! రూపాయికి అణా ఏపాటిది? కాని ఎనభై రూపాయల జీతగాడి ఇల్లు తీసుకోండి. నెలకి అయిదు రూపాయలు పోతుంది. 1952లో అయిదు రూపాయలంటే సామాన్యమా? పైగా ఆ అయిదూ ఎక్కడ తగ్గుతుందో ఇల్లు నడిపినవాళ్ళకి నేను చెప్పాలా? ఆయన సిగరెట్ల దగ్గర తగ్గదు, కాఫీ హోటలు దగ్గర తగ్గదు. పాలమనిషి దగ్గర తగ్గుతుంది, పెద్దపిల్ల పరికిణీ దగ్గర తగ్గుతుంది. జీతం చీటీలో కోసింది ఆయన పేరు మీద. సర్దుకున్నది మాత్రం వంటింట్లో.

అయినా ఆ కోతని నేను తప్పుపట్టను. ఆ రోజుల్లో పింఛను పెట్టకుండా ఇలా ఒక్కసారిగా చేతికొచ్చే నిధే ఎందుకు పెట్టారంటే, చెప్పిన కారణాల్లో ఒకటి మనకి సంబంధించినదే. కార్మికుడు నడివయసులో పోయాడనుకోండి, ముసలితనంలో ఇస్తామన్న పింఛను ఎవరికిస్తారు? నిధి అయితే ఎంతో కొంత పెళ్ళాంబిడ్డలకి మిగులుతుంది. ఆ ఆలోచన మంచిదే. అయితే చేరిన నాలుగేళ్ళకే మనిషి పోతే ఆ నిధిలో ఏముంటుంది, దినవారాలకి సరిపోతుందా? ఆ సంగతి గుర్తించి కుటుంబ పింఛను తేవడానికి 1971 దాకా పట్టింది. అప్పటి దాకా వితంతువులైన మిల్లు కార్మికుల భార్యలు చరిత్రలో ఎక్కడా సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. పాసుపుస్తకం మీద కాబోలు వేలిముద్ర వేసి ఉంటారు.

ఇక సంపాదించే ఆడపిల్ల సంగతి. ఉద్యోగం మానేసినవాళ్ళు తమ డబ్బు పూర్తిగా తీసుకోవాలంటే కొంత గడువు ఆగాలని నిబంధన ఉండేది, మళ్ళీ ఎక్కడైనా చేరతారేమోనని. ఆ గడువు ఎవరికి మినహాయించారో ఊహించండి. పెళ్ళి చేసుకోడానికి ఉద్యోగం మానేసే ఆడవాళ్ళకి! పెళ్ళి ముహూర్తం ఆగదు కదా. నవలలు రాసేదాన్ని కనుక నాకు ఈ ఒక్క వాక్యంలో పదిహేను వారాల సీరియల్ కనిపిస్తుంది. ఆరేళ్ళు టైపు మిషను ముందు వేళ్ళరిగేలా పనిచేసిన అమ్మాయి డబ్బు రెండు పేటల గొలుసయిందో, పెళ్ళివారి లాంఛనాల్లో కలిసిందో! ఆ అమ్మాయికి అరవయ్యేళ్ళొచ్చాక ఏమిటని ఎవరూ అడగలేదు. పెళ్ళయిన ఆడదానికి ముసలితనం ఉండదు కాబోలు, మొగుడి ముసలితనంలో ఆవిడదీ కలిసిపోయి ఉంటుంది.

ఇది మన దేశానికే తట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. జీతంలో కోసి ముసలితనానికి దాచే పద్ధతిని చట్టంగా చేసిన మొదటి పెద్ద దేశం జర్మనీ. బిస్మార్క్ కాలంలో, 1889లో. అక్కడ వారం వారం కార్డు మీద బిళ్ళలు అంటించేవారు. సగం కార్మికుడిది, సగం యజమానిది, పైన ప్రభుత్వం కొంత కలిపేది. వృద్ధాప్యపు పింఛను డెబ్భయ్యేళ్ళకి! అంతకాలం బతికేవాడు ఎవడని ఆనాటి కార్మికులు నవ్వుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ చట్టంలోనూ మన గొలుసు కథ ఉంది. అయిదేళ్ళు బిళ్ళలు అంటించిన ఆడమనిషి పెళ్ళి చేసుకుంటే, ఆవిడ పేర కట్టినదాంట్లో సగం వాపసు అడగొచ్చు. సగం అంటే ఆవిడ జీతంలోంచి పోయినంత. యజమాని కట్టిన సగానికి మాత్రం నీళ్ళు వదులుకోవాలి.

మళ్ళీ మన ఇంటికొద్దాం. ఆరుంబావు కాస్తా 1963 నుంచి కొన్ని పరిశ్రమల్లో ఎనిమిదయింది, ఆ తరవాత పది, 1997లో పన్నెండు. 1995లో పింఛను పథకం పెట్టి, యజమాని కట్టే వాటాలోంచి పెద్దముక్క అటు మళ్ళించారు. 2014లో ఆ పింఛను కనీసం వెయ్యి రూపాయలుండాలన్నారు. నెలకి వెయ్యి. ఈ మాట మీద వ్యాఖ్యానం అక్కర్లేదు, పచారీ కొట్టు చీటీ చూస్తే చాలు. కోత పెరిగేకొద్దీ తప్పించుకునే తెలివీ పెరిగింది. అసలు జీతం తక్కువ చేసి, ఆ అలవెన్సనీ ఈ అలవెన్సనీ పేర్లు పెట్టి మిగతాది ఇస్తే, కోత చిన్న అంకె మీదే పడుతుంది. చేతికి నాలుగు రూపాయలు ఎక్కువొచ్చాయని ఉద్యోగీ సంతోషిస్తాడు, తన వాటా తగ్గిందని యజమానీ సంతోషిస్తాడు. 2019లో సుప్రీంకోర్టు అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు కూడా జీతం కిందే లెక్క అని చెప్పాల్సొచ్చింది.

ఈ పేచీ తెలంగాణ గుమ్మాల్లోకి వచ్చింది బీడీలతో. నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల వైపు వెళితే ఇంటి అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. వెయ్యి బీడీలకి ఇంతని కూలి. బీడీ పరిశ్రమని 1977లో ఈ చట్టం కిందికి తెచ్చారు. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా పనివాళ్ళే కాదు పొమ్మన్నారు యజమానులు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంటి దగ్గర చుట్టినా వాళ్ళు పనివాళ్ళే, పి.ఎఫ్. ఇవ్వాల్సిందేనని 1985లో తీర్పొచ్చింది. వెయ్యి బీడీల కూలిలో కోత అంటే మళ్ళీ పాలూ పరికిణీల లెక్కే, నేను కాదనను. కాని ఆ కోత ఇంకో పని కూడా చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకి నెలకి వెయ్యి రూపాయల జీవనభృతి మొదలుపెట్టినప్పుడు, ఎవరు బీడీ కార్మికురాలని తేల్చేదెలా? పి.ఎఫ్. ఖాతా ఉందా అని చూశారు. అదీ 2014 ఫిబ్రవరి ఆఖరు లోపలిది. ఖాతా ఉన్నావిడకి భృతి వచ్చింది. అదే అరుగు మీద, అదే ఆకు కత్తిరిస్తూ, కోత లేకుండా నిండు కూలి పుచ్చుకున్న పక్కావిడకి రాలేదు. చేతికి ఎక్కువ రావడమే లాభమనుకుంటే ఇదెక్కడి న్యాయమో చెప్పండి.

దీనికి పూర్తిగా అవతలి పక్క కథ బెంగుళూరుది. 2016 ఫిబ్రవరి 10న కేంద్రం ఓ కొత్త నిబంధన తెచ్చింది. ఉద్యోగం మానేసినవాళ్ళు తాము కట్టిన వాటా, దాని వడ్డీ తీసుకోవచ్చు. యజమాని కట్టిన వాటా మాత్రం 58 ఏళ్ళొచ్చేదాకా ముట్టుకోకూడదు. ముసలితనానికని దాచినది ముసలితనానికే ఉండాలన్నది ఉద్దేశం. పుస్తకంలో పెడితే ఎవరూ వేలెత్తి చూపలేని ఉద్దేశం. ఆ ఏప్రిల్ 18న బెంగుళూరులో గార్మెంటు ఫ్యాక్టరీల ఆడవాళ్ళు మిషన్లు వదిలేసి వేలల్లో హోసూరు రోడ్డు మీదికొచ్చారు. వెనక పెద్ద యూనియను లేదు, పేరున్న నాయకుడు లేడు. రెండో రోజు పీణ్యా వైపు పాకింది. బస్సులు తగలబడ్డాయి, లాఠీలు లేచాయి. 19వ తేదీ గడవకుండానే కార్మికశాఖ మంత్రి బండారు దత్తాత్రేయగారు ఆ నిబంధనని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. అప్పట్లో సికింద్రాబాదు ఎంపీ ఆయన. 1952లో కోత మొదలయినప్పుడూ తెలుగు మంత్రే, దాని తాళం విప్పినప్పుడూ తెలుగు మంత్రే.

అప్పుడు చదువుకున్నవాళ్ళు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ మేలుకోసం దాస్తుంటే వాళ్ళే వద్దంటారేమిటీ అని. కాస్త ఆ మిషను ముందు కూర్చుని ఆలోచించండి. గంటకిన్ని చొక్కాలని లెక్క, నడుమూ కళ్ళూ ఎంతకాలం ఓర్చుకుంటాయి? ఆ పనిలో 58 దాకా ఉండేవాళ్ళెందరు? నెల జీతం అద్దెకీ, ఫీజులకీ, అత్తగారి మందులకీ సరి. ఆ ఆడమనిషి జీవితంలో తన పేర, తన సంతకంతో, ఒక్కసారిగా చేతికొచ్చే పెద్దమొత్తం అదొక్కటే. దాంతో ఊళ్ళో అప్పు తీర్చుకోవాలనుకుంటుంది, పిల్ల కాలేజీ ఫీజు కట్టాలనుకుంటుంది. అది ఎప్పుడు తియ్యాలో ఆవిడ చూసుకోలేదా? దాచడం వద్దని ఆవిడ అనలేదు. తాళంచెవి ఇంకొకరి బొడ్లో ఉండటం వద్దంది. నన్నడిగితే దాయమన్న చట్టమూ సబబే, రోడ్డెక్కిన ఆవిడా సబబే. ఇద్దరూ ఎక్కడ తగవుపడ్డారంటే, ఆవిడ ముసలితనం గురించి నిర్ణయం తీసుకునేముందు ఆవిడనెవరూ అడగకపోవడం దగ్గర.

రెండేళ్ళ తరవాత మళ్ళీ మన మీద దయ కలిగింది. 2018 బడ్జెట్టులో అరుణ్ జైట్లీగారు, కొత్తగా ఉద్యోగంలో చేరే ఆడవాళ్ళు మొదటి మూడేళ్ళు పన్నెండుకి బదులు ఎనిమిదే కట్టేటట్టు చట్టం మారుస్తామని ప్రతిపాదించారు. యజమాని వాటా తగ్గదు. చేతికి ఎక్కువ జీతం వస్తుంది, ఉద్యోగాల్లోకి ఎక్కువమంది ఆడవాళ్ళు వస్తారు అన్నది వాదం. సరే, లెక్క వేద్దాం. పదివేల జీతం మీద నూటికి నాలుగంటే నెలకి 400. మూడేళ్ళకి 14,400. అదనంగా చేతికొచ్చిన ఆ నాలుగొందలు నెలనెలా ఇంటి ఖర్చులో ఇంకిపోతాయి, ఏమయ్యాయో తెలియను కూడా తెలియదు. నిధిలో ఉండి ఉంటే ముప్ఫై ఏళ్ళు వడ్డీ మీద వడ్డీ పెరిగేవి. పక్క సీట్లో కుర్రాడికి మాత్రం పన్నెండూ కోస్తారు, అతని ముసలితనం పన్నెండు పాళ్ళూ భద్రం. ఆడపిల్లకి ఇవ్వాల్సింది మంచి జీతమైతే, ఆవిడ దాచుకున్నదాంట్లోంచే తీసి ఆవిడకే ఇవ్వడం ఏం బహుమానం?

2020లో కరోనా వచ్చినప్పుడు అందరికీ ఆ బహుమానం దొరికింది. మే, జూన్, జూలై నెలల జీతాలకి పన్నెండుని పది చేశారు. 15,000 జీతం మీద ఉద్యోగి చేతికి నెలకి 300 ఎక్కువొచ్చింది. ఆ రోజుల్లో మూడొందలంటే మూడొందలే, ఎవరూ కాదనుకోలేదు. అయితే ప్రైవేటు కంపెనీల్లో యజమాని వాటా కూడా పదే అయింది. అంటే ఉద్యోగి పేర పడాల్సిన ఇంకో 300 పడలేదు. ఆగస్టు చీటీలో కోత మళ్ళీ పన్నెండయింది. మన చేతికొచ్చిన మూడొందలు వెనక్కి వెళ్ళాయి. ఆ మూడునెలల యజమాని వాటా తొమ్మిదొందలూ మాత్రం ఖాతాలోకి రాలేదు.