ముడివేసి రంగులద్దే చీరలు: పోచంపల్లి చిటికి, మదురై సుంగుడి

వస్త్రమునకు రంగు పట్టించుటకు అనేక పద్ధతులు ఉన్నవి. వాటిలో ఒకటి విచిత్రమైనది. అందు రంగు పట్టించుట కంటె రంగు పట్టకుండ ఆపుటయే ప్రధానము. గట్టిగా కట్టిన చోట రంగు చొరబడదు. కట్టు విప్పినపుడు అచట వెనుకటి రంగే నిలిచి ఉంటుంది. ఈ చిన్న సూత్రము మీదనే మన దేశపు కొన్ని గొప్ప చీరలు ఆధారపడి ఉన్నవి.

ఈ కళకు రెండు శాఖలు. నేసిన బట్టకు ముడులు వేసి రంగులో ముంచుట మొదటిది. గుజరాత్, రాజస్థాన్‌ల బాంధనీ, మదురై సుంగుడి ఈ కోవకు చెందినవి. నేయుటకు ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుట రెండవది. దీనికే ఇక్కత్ అని పేరు. కట్టుట అనే అర్థముగల మలయ్ మాట నుండి ఈ పేరు వచ్చినది. పాటన్ పటోలా, ఒడిశా బంధ, తెలంగాణ పోచంపల్లి చీరలు ఈ తరగతివి. పోచంపల్లి నేతగాండ్రు దీనిని చిటికి అంటారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబాలకు రెండు శాఖలూ దగ్గరివే. సుంగుడి తాము నివసించే రాష్ట్రానిది, చిటికి తమ భాష మాట్లాడే నేతగాండ్రది.

సుంగుడి కథ సరిహద్దు వారికి మరింత ఆసక్తికరము. దీనిని చేసేవారు మదురైలోని సౌరాష్ట్రులు. గుజరాత్ ప్రాంతము నుండి బయలుదేరి, విజయనగర రాజ్యములో కొంతకాలము నిలిచి, నాయక రాజుల కాలములో మదురై చేరినారు. ఇంట సౌరాష్ట్ర భాష, వీధిలో తమిళము. ఆ ఇంటి భాషలోనూ తెలుగు మాటలు కొల్లలుగా ఉన్నవి. ఇంటనొక భాష, బడిలోనొక భాషగా బ్రతుకుతున్న మనవారికి ఈ స్థితి కొత్త కాదు. నూలు చీరను మడతలు పెట్టి, కొసను గోటితో చిటికెడు పైకెత్తి, దారముతో బిగించి ముడి వేస్తారు. ఒక చీరకు ఇట్టి ముడులు వేల సంఖ్యలో పడతాయి. ఈ పనిని ఎక్కువగా స్త్రీలు ఇండ్లలోనే చేసేవారు. 2005-06లో మదురై సుంగుడికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను అచ్చుతోను, మైనముతోను చుక్కలు దింపే పని తేలికై, చేతి ముడుల చీర అరుదైపోయినది.

ఇక చిటికి. ఇది మరింత లెక్కతో కూడిన పని. పేక నూలును ముందుగా ఆసు అనే చట్రము మీద మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పరచాలి. దీనినే ఆసు పోయుట అంటారు. పిమ్మట గీతల కాగితము మీది నమూనాను అనుసరించి, రంగు అంటరాని చోట్ల సైకిల్ ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీలతో కట్లు కడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు వెనుక. ప్రతి రంగుకూ కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టవలెను. అన్నీ ముగిసి పోగు ఆరిన తరువాతనే మగ్గము. అంటే, నేతకు ముందే బొమ్మ పోగులో దాగి ఉంటుంది. పోగు ఒక్క వెంట్రుక వాసి జరిగినా బొమ్మ చెదురుతుంది. ఇక్కత్ అంచులు కొద్దిగా అలుముకొన్నట్లు కనిపించుటకు కారణమిదే. అది లోపము కాదు, ఆ నేత ముఖలక్షణము.

పడుగుకు మాత్రమే లేక పేకకు మాత్రమే కట్లు కట్టినది ఒంటి ఇక్కత్. రెంటికీ కట్టి, మగ్గము మీద రెండు బొమ్మలూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చునట్లు నేసినది జంట ఇక్కత్. ఈ కష్టసాధ్యమైన నేత భారత్, ఇండోనేషియా, జపాన్ దేశములలో మాత్రమే పేరుగాంచినది. మన వైపున దీనికి పుట్టపాక ప్రసిద్ధి. ఆ ఊరి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించినది.

తెలుగునాట ఈ విద్యకు పాత నిలయము చీరాల. అచటి తేలియా రుమాళ్ళ నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను పలుమార్లు నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. నూనె వాసన బట్టను విడువదు కనుకనే ఆ పేరు. ఇవి అరబ్బు దేశములకు ఓడలలో పోయేవి. పువ్వులు, చతురస్రములే గాక విమానములు, గడియారములు కూడ వాటిపై నేసినారు! 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. పోచంపల్లి ఇక్కత్‌కు అది 2004-05లోనే దక్కినది.

ఈ అందము వెనుక శరీరశ్రమ ఎంతో ఉన్నది. ఒక చీరకు ఆసు పోయవలెనంటే చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. అందుకు నాలుగైదు గంటలు పట్టేది. ఈ పని సాధారణముగా ఇంటి ఆడవారిదే. తల్లి భుజముల నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసు యంత్రమును రూపొందించినారు. గంటన్నరలో పని ముగియుచున్నది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు.

పెండ్లికి చీరలు కొనేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఇక్కత్ నమూనాను బట్టపై అచ్చు వేసి, అదే పేరుతో అమ్ముట సాధారణమైపోయినది. చీరను తిప్పి చూడవలెను. పోగుకే రంగు పట్టినది కనుక అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకే తీరున ఉంటుంది. అచ్చు చీరకు వెనుక వైపు సాధారణముగా వెలవెలబోతుంది. అంచు వద్ద ఒక పోగు లాగి చూస్తే, ఆ పోగు మీదనే రంగులు విడివిడిగా మారుతూ కనిపించాలి. బొమ్మ గీత గీసినట్లు మరీ నిక్కచ్చిగా ఉంటే అనుమానించవచ్చును. సుంగుడిలోనైతే చుక్కలు ఒకే కొలతలో ఉండరాదు. ముడి విప్పిన చోట బట్ట కొంచెము ఉబ్బి ఉంటుంది. 2006లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉన్నదేమో అడుగుట మంచిది. చీటీ ఉన్నను పోగు చూడక మానరాదు.

ముదురు ఎరుపు, నలుపు రంగుల చీరలను మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చల్లని నీటిలో ఉతికి నీడలో ఆరవేయాలి. పట్టు చీరనైతే నానబెట్టరాదు.