ఒక్క డైలాగ్ లేదు.. అయినా గుండె దడ! థ్రిల్లర్ టీజర్ వెనకున్న టెక్నిక్స్ ఇవే

టీజర్ డీకోడ్: కొత్త టీజర్ రాగానే అందరం చేసే పని ఒక్కటే. ప్లే చేస్తాం, బాగుందనో బాలేదనో తేల్చేస్తాం, ఫ్రెండ్స్‌కి షేర్ చేస్తాం. కానీ ఆ నిమిషంన్నరలో గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంది? కథేంటో తెలియకుండానే టెన్షన్ ఎలా పుట్టింది? ఇది అర్థం కావాలంటే ఒక టీజర్‌ను ముక్కలు ముక్కలుగా చూడాలి. హాలీవుడ్ డైరెక్టర్ డేవిడ్ ఫించర్ సినిమా 'ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ' కోసం 2011లో వదిలిన టీజర్ ఇందుకు చక్కటి ఉదాహరణ.

టీజర్ వేరు.. ట్రైలర్ వేరు

మన దగ్గర ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్ అంటూ వరుసగా వదులుతారు. వీటిలో కథ చెప్పే బాధ్యత ట్రైలర్‌ది. హీరో ఎవరు, సమస్య ఏంటి, విలన్ ఎవరు అన్నది రెండు, రెండున్నర నిమిషాల్లో తెలుస్తుంది. టీజర్‌కు ఆ బరువు లేదు. సినిమా ఎలా ఉండబోతోందో రుచి చూపిస్తే చాలు. చాలాసార్లు షూటింగ్ పూర్తికాక ముందే టీజర్ కట్ చేయాల్సి వస్తుంది. అందుకే ఉన్న షాట్లతోనే మూడ్ సృష్టించాలి. హాలీవుడ్‌లో ఈ పనికి ప్రత్యేకంగా ట్రైలర్ కంపెనీలే ఉన్నాయి.

అందరికీ తెలిసిన కథే.. మరి ఏం చూపించాలి?

ఈ టీజర్‌కు ఒక చిక్కు ఉంది. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ రాసిన నవల ఆధారంగా ఈ సినిమా తీశారు. లార్సన్ 2004లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది నవల అచ్చయింది. తర్వాత ప్రపంచమంతా చదివేసింది. 2009లో స్వీడిష్ భాషలో సినిమా కూడా వచ్చింది. అంటే ఏళ్ల క్రితం మాయమైన అమ్మాయి ఎవరు, ఆమెకు ఏమైంది అన్న సస్పెన్స్ చాలామందికి ముందే తెలుసు. రెండేళ్లకే మళ్లీ ఇంగ్లిష్‌లో ఎందుకు అన్న ప్రశ్న కూడా అప్పట్లో వినిపించింది.

టీజర్ ఆ ప్రశ్నకు కథతో జవాబు చెప్పలేదు. కథను పూర్తిగా పక్కన పెట్టేసింది. సుమారు ఒకటిన్నర నిమిషంలో ఒక్క డైలాగ్ వినిపించదు. వాయిస్ ఓవర్ లేదు. డేనియల్ క్రెయిగ్, రూనీ మారా కనిపిస్తారు కానీ వాళ్ల పాత్రల పేర్లు కూడా చెప్పరు.

టెక్నిక్ 1: బీట్ మీద కట్

ఈ టీజర్‌కు వెన్నెముక పాటే. లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ 1970లో చేసిన 'ఇమిగ్రెంట్ సాంగ్'ను ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ కొత్తగా చేశారు. గాయని కరెన్ ఓ పాడారు. డ్రమ్స్, బేస్ ఒకే పద్ధతిలో, రైలు పట్టాల చప్పుడులా ఆగకుండా కొడుతూనే ఉంటాయి. షాట్లు ఆ దెబ్బలకు తగ్గట్టే మారతాయి.

ఇక్కడ లెక్క సింపుల్. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. షాట్‌ను 12 ఫ్రేములే ఉంచితే అర సెకను. అంతలో ముఖం కనిపిస్తుంది కానీ ఆ ముఖంలో ఏముందో చదివే టైమ్ ఉండదు. ఎవరో చూశారు, ఎవరో పరుగెత్తారు, బైక్ దూసుకెళ్లింది అని తెలుస్తుంది. ఎందుకో తెలియదు. చూసినదాన్ని అర్థం చేసుకునేలోపే ఇంకోటి వచ్చేస్తుంది. ఆ వెనకబడిపోతున్న ఫీలింగే టెన్షన్.

టెక్నిక్ 2: ముందుకే వెళ్లే కెమెరా

మంచు కప్పిన దారి, చివర పెద్ద బంగళా. కెమెరా ఆ ఇంటివైపు ముందుకు కదులుతుంది. మధ్యలో ఎన్ని షాట్లు వచ్చినా ఈ ప్రయాణం మళ్లీ గుర్తొస్తూనే ఉంటుంది. వేగంగా మారిపోయే షాట్ల మధ్య ఇదొక దారం లాంటిది. ఇది లేకపోతే టీజర్ ఫొటోల స్లైడ్ షో అయ్యేది.

కెమెరా ముందుకు వెళ్తుంటే చూసేవాళ్లకు కూడా తామే అటు వెళ్తున్నట్టు అనిపిస్తుంది. ఆగమని చెప్పలేరు, వెనక్కి తిరగలేరు. ఆ ఇంట్లో ఏముందో టీజర్ చెప్పదు. అక్కడికి చేరేలోపే భయం మాత్రం వచ్చేస్తుంది.

టెక్నిక్ 3: చలి పుట్టించే రంగు

మంచు, బూడిద రంగు ఆకాశం, ఆకుల్లేని చెట్లు. బయటి సీన్లలో వెచ్చటి రంగు దాదాపు కనిపించదు. కథ జరిగేది స్వీడన్ చలికాలంలో కాబట్టి ఇది సహజమే. కానీ దీనికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. షాట్లు ఎంత వేగంగా మారినా రంగు ఒకటే కాబట్టి అన్నీ ఒకే లోకానికి చెందినట్టు కనిపిస్తాయి. పాట కూడా ఈ మంచుకు అతికినట్టు సరిపోయింది. లెడ్ జెప్పెలిన్ ఆ పాట రాసింది ఐస్‌లాండ్ టూర్ తర్వాతే.

టెక్నిక్ 4: ఒక్క లైన్‌తో హెచ్చరిక

మాటలు లేని టీజర్‌లో అక్షరాలు మాట్లాడతాయి. క్రిస్మస్‌కు వస్తున్న 'ఫీల్ బ్యాడ్' సినిమా అంటూ స్క్రీన్ మీద పడే లైన్ అప్పట్లో బాగా పాపులర్ అయింది. క్రిస్మస్ సీజన్ అంటే అక్కడ కుటుంబమంతా కలిసి చూసే ఫీల్ గుడ్ సినిమాల టైమ్. దాన్నే తిరగేసి వాడారు. చూడ్డానికి జోక్‌లా ఉంది. నిజానికి ఇది వార్నింగ్. సినిమాలో లైంగిక హింస సీన్లు చాలా తీవ్రంగా ఉంటాయి. టీజర్ వాటిని చూపించలేదు కానీ ఇది పిల్లలతో కలిసి చూసే సినిమా కాదని ఆ ఒక్క లైన్‌తో చెప్పేసింది.

ఈ టెక్నిక్స్ కొత్తవేం కాదు

1979లో వచ్చిన 'ఏలియన్' ట్రైలర్‌లోనూ డైలాగులు లేవు. బీడు నేల మీద నెమ్మదిగా కదిలే కెమెరా, పగిలే గుడ్డు, సైరన్‌లా చెవుల్ని కోసే శబ్దం, పరుగెత్తే మనుషులు. అంతరిక్షంలో కేకపెట్టినా ఎవరికీ వినపడదన్న ట్యాగ్‌లైన్‌తో అది ముగుస్తుంది. ఆ గుడ్డు షాట్ కూడా ట్రైలర్ కోసం విడిగా తీసిందే.

అంతకుముందే 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఇంకో దారి పట్టాడు. 'సైకో' ట్రైలర్ ఆరు నిమిషాలకు పైనే ఉంటుంది. సినిమా సీన్ల బదులు ఆయనే స్వయంగా సెట్‌లో తిరుగుతూ, టూరిస్ట్ గైడ్‌లా మోటల్, ఇల్లు చూపిస్తాడు. చివర్లో బాత్రూమ్ కర్టెన్ లాగితే ఒక అమ్మాయి కేక. సినిమాలో ఆ సీన్ చేసింది జానెట్ లీ. ట్రైలర్‌లో కేకపెట్టింది మాత్రం విగ్ పెట్టుకున్న వెరా మైల్స్. ప్రేక్షకుడికి అనుమానమే రాలేదు.

చూపించింది సినిమాలో లేకపోతే?

ఇక్కడే అసలు ప్రశ్న. టీజర్‌లో ఉన్నది సినిమాలో ఉండి తీరాలా? మన దేశంలో ఇది కోర్టు దాకా వెళ్లింది. 2016లో వచ్చిన హిందీ సినిమా 'ఫ్యాన్' ప్రోమోలో కనిపించిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు కేసు వేశారు. వినియోగదారుల కమిషన్లు ఆమెకు పరిహారం ఇవ్వాలన్నాయి. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. ప్రోమో అనేది సినిమాలో ఏముంటుందో ఇచ్చే హామీ కాదని చెప్పింది. అంటే టికెట్ కొనేముందు టీజర్‌ను సరిగ్గా చదువుకోవాల్సింది ప్రేక్షకుడే.

'డ్రాగన్ టాటూ' విషయంలో మన ప్రేక్షకులకు ఇంకో అనుభవం. టీజర్‌ను యూట్యూబ్‌లో ఎంతోమంది చూశారు. సినిమా మాత్రం ఇక్కడి థియేటర్లకు రానేలేదు. సెన్సార్ బోర్డు కొన్ని సీన్లు కట్ చేయాలంది, ఫించర్ ఒప్పుకోలేదు. దాంతో 2012 ఫిబ్రవరిలో జరగాల్సిన రిలీజ్ ఆగిపోయింది. ఇక్కడి బిగ్ స్క్రీన్ మీద రావాల్సిన 158 నిమిషాల సినిమా రాలేదు, ఒకటిన్నర నిమిషం టీజర్ మాత్రం ఫోన్లలో మిగిలింది.

ఈసారి ఇలా చూడండి

కొత్త థ్రిల్లర్ టీజర్ వస్తే మూడుసార్లు ప్లే చేస్తే చాలు. మొదటిసారి మామూలుగా. రెండోసారి మ్యూట్‌లో పెట్టి చూడాలి. అప్పుడూ టెన్షన్ నిలబడితే షాట్లలో దమ్ముందని అర్థం. మాయమైపోతే భయపెట్టింది బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మాత్రమే. మూడోసారి ఫోన్ బోర్లా పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వినాలి. ఎక్కడ శబ్దం ఆగింది, నిశ్శబ్దం తర్వాత ఏం వచ్చింది అన్నది అప్పుడే తెలుస్తుంది. యూట్యూబ్ స్పీడ్‌ను 0.25కి తగ్గిస్తే ఒక్కో కట్ విడిగా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కథ గురించి ఇప్పుడు ఏం తెలిసింది? దాదాపు ఏమీ తెలియలేదు, అయినా సినిమా చూడాలనిపిస్తోంది అంటే టీజర్ తన పని చేసినట్టే. అది సినిమా బాగుంటుందనడానికి గ్యారంటీ మాత్రం కాదు.