రహీం సాబ్ నాటి ఆట

ఇలా జరగండర్రా, పొగ అటు కొడుతోంది. ఫుట్‌బాలాట ముచ్చటంటే నాకు ఇప్పటికీ ఊపొస్తుంది. మా చిన్నప్పుడు అవనిగడ్డ వైపు తోలు బంతే ఉండేది. లోపలి బ్లాడరుకు సైకిలు పంపుతో గాలి కొట్టి, మూతి బిగించి, పైన తోలు తాడు అల్లి ముడేసేవాళ్ళం. ఆ ముడి నుదుటికి తగిలిందా, బొప్పి కట్టాల్సిందే. కోసిన చేలో దిగితే మినుము తొక్కేస్తున్నారని రైతులు తరిమేవారు. అందుకే చౌటి నేలలో ఉత్తకాళ్ళతో ఆడేవాళ్ళం.

మాకు హీరోలంటే హైదరాబాదు పోలీసు జట్టే. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎవరికీ వదల్లేదు! వాళ్ళను తయారుచేసింది రహీం సాబ్, ఒకప్పుడు బడిపంతులు. వాటంలేని కాలితోనే తన్నాలనీ, బంతిని ఒక్కడే దొర్లించుకుంటూ పోకూడదనీ షరతులు పెట్టి మరీ పోటీలు నడిపేవారట. అందుకే ఆ కుర్రాళ్ళకు రెండు కాళ్ళూ ఒకటే. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయారు.

అంతటి ఆట ఉన్నప్పుడు దేశమంతటికీ ఒక లీగు లేదు, కప్పులే దిక్కు. జాతీయ లీగు పెట్టింది 1996లో. తర్వాత దాని కింద రెండో డివిజను వచ్చింది. కింద నెగ్గినవాళ్ళు పైకి, పైన వెనకబడ్డవాళ్ళు కిందికి. కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ అంతటి క్లబ్బే కిందికి జారి, అక్కడ ఆడి మళ్ళీ పైకెక్కింది. 2007లో జాతీయ లీగు పోయి ఐ-లీగ్ వచ్చింది. దాని రెండో డివిజనులో ఫతే హైదరాబాద్ వాళ్ళు కూడా ఆడారు.

నా బాధల్లా ఒకటే. ఆ రెండో డివిజను మెట్టు మనకు నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. 1950ల్లోనే ఉండుంటే గుడివాడ కుర్రాడికీ, బందరు కుర్రాడికీ కింది నుంచి పైకెక్కే దారంటూ ఒకటుండేది. మాకు ఊరి పందెం తర్వాత ఇంకేం లేదు.

తర్వాత పైన ఇంకో లీగు వచ్చి, ఐ-లీగే రెండో మెట్టయింది. మన శ్రీనిధి దక్కన్ 2021లో అందులో అడుగుపెట్టింది. ఒరేయ్ చిన్నోడా, ఈసారి వాళ్ళ మ్యాచ్ ఉన్న రోజు ఫోను పట్టుకొని నా పక్కన కూర్చో.