ఎడ్వర్డ్ లారీ: సైనికోద్యోగమునుండి విద్యాలయాధిపత్యమునకు

ఎడ్వర్డ్ లారీ పేరు వినఁగనే వైద్యశాస్త్ర చరిత్రజ్ఞులకు క్లోరోఫారము జ్ఞప్తికి వచ్చును. ఆతఁడు 1885 మొదలు 1901 వఱకు హైదరాబాదు వైద్య విద్యాలయమును నడపెనను విషయము ఆ కీర్తిచాటున మఱుఁగుపడినది. సైనికాధికారి యొకఁడు గురుపీఠ మెక్కినపుడు తనతోఁ గొనివచ్చిన గుణములు విద్య కెంత తోడ్పడెనో, ఎంత యడ్డుపడెనో పరిశీలించుటయే మా యుద్దేశము.

లారీ ఎడింబరోలో వైద్యము నభ్యసించి, ప్రసిద్ధ శస్త్రవైద్యుఁడగు జేమ్స్ సైమ్ శిష్యుఁడై, పిదప ఇండియన్ మెడికల్ సర్వీసునఁ బ్రవేశించెను. ఆ సర్వీసువారు వైద్యులయ్యును సైనిక హోదాలు గలవారు. లాహోరులో శస్త్రవైద్యమును బోధించి, సర్జన్ మేజర్ హోదాతో రెసిడెన్సీ వైద్యుఁడై హైదరాబాదు చేరెను. రెసిడెన్సీ వైద్యుఁడే విద్యాలయమును గూడ నడపుట ఆనాఁటి ఏర్పాటు.

1846లో నాలుగవ నిజాము కాలమున నెలకొల్పఁబడిన యీ విద్యాలయమున ఉర్దూ బోధనభాష. ఉత్తీర్ణులైనవారికి హకీము బిరుదము. లారీ కాలమున బోధన ఇంగ్లీషులోనికి మాఱెను. ఇచట నొక మాట చెప్పక తప్పదు. నిజాము రాజ్యమున అధికసంఖ్యాకుల భాష తెలుఁగు. కాని మొదట ఉర్దూ, పిదప ఇంగ్లీషు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడిన వెనుక మరల ఉర్దూ, 1948 తరువాత మరల ఇంగ్లీషు. ఈ రాకపోకలలో తెలుఁగునకు వంతు రాలేదు.

ఇఁక క్లోరోఫారపు వివాదము. 1847లో ఎడింబరోననే సింప్సన్ పండితుఁడు దానిని వాడుకలోనికిఁ దెచ్చెను. మఱుసటియేడే ఇంగ్లండున ఒక బాలిక ఆ మత్తులో మరణించెను. మృత్యువు ముందు గుండెను తాఁకునా, శ్వాసమును తాఁకునా యను వాదము నాఁటినుండి సాగెను. లండను వైద్యులలోఁ బెక్కుఱు నాడిని జూడవలె ననిరి. సైమ్ శ్వాసమునే కనిపెట్టవలె ననెను. లారీ గురువాక్యమును విడువలేదు. 1888లో ఒక కమిషనును కూర్చి కుక్కలపైఁ బరీక్షలు చేయించెను. శ్వాస మాగిన పిమ్మటనే గుండె యాగునని కమిషను తీర్మానించెను. లండనులోని 'లాన్సెట్' పత్రిక సంశయింపఁగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వేయి పౌనులిచ్చి, ప్రతినిధిని పంపుఁడని యా పత్రికనే కోరెను. అట్లు 1889లో వచ్చినవాఁడు లాడర్ బ్రంటన్, ఆతఁడు ప్రతిపక్షమువాఁడు. లారీ అధ్యక్షతను రెండవ కమిషను వందలకొలఁది జంతువులపైఁ బరీక్షలు జరుపఁగా బ్రంటన్ హైదరాబాదు పక్షమునకు మాఱెను.

ఈ కథలో మాకు ముఖ్యముగాఁ దోఁచునది తీర్మానము కాదు. మూసీ తీరపు విద్యాలయమున విద్యార్థులు పాఠమును వల్లించుటతో నాగక, ప్రపంచ వైద్యులు వాదించుకొనుచున్న ప్రశ్నను తమ చేతులతోఁ బరీక్షించిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ యను పార్శీ వనిత యుండెను. 1885లోఁ జేరి 1889లో ఉత్తీర్ణురాలైన యీమెను ప్రపంచమున మొదటి మహిళా మత్తువైద్యురాలిగాఁ బలువురు గణింతురు. స్త్రీలకు వైద్యవిద్య యనఁగనే ఐరోపాలోను ముఖము చిట్లించుకొను దినములవి. సైనిక శిక్షణ యిచట మేలే చేసినది: పనికి యోగ్యులు కావలెను, యోగ్యులు దొరికిరి, పని యప్పగించెను.

ఆ శిక్షణయే మఱియొకచోఁ గీడు చేసినది. తీర్మాన మొకసారి వెలువడిన పిమ్మట లారీకది సేనాపతి యాజ్ఞవంటిదయ్యెను. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ క్లోరోఫారము గుండెనే బలహీనపఱచునని ప్రయోగపూర్వకముగాఁ జూపిరి. ఆతఁడు వెనుదీయలేదు. లావెరాన్ కనుఁగొన్న మలేరియా క్రిములను గూడ ఆతఁడు నమ్మలేదు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపున వానిని జూచినది 1897 ఆగస్టు 20న. అనఁగా లారీ వాకిటనే! శిష్యులను పరీక్షకు పురికొల్పిన గురువు తన నిర్ణయమును మాత్రము పునఃపరీక్షకు పెట్టకపోవుట మా దృష్టిలో ఆతని ప్రధానలోపము.

1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫారపు మత్తు తేలికగా నున్నపుడే గుండె లయతప్పి హఠాత్తుగా నాగవచ్చునని పిల్లులపై నిరూపించెను. లారీ 1915 వఱకు జీవించియుండెను. రూపాబాయి 1909లో లారీ చదివిన ఎడింబరోకే పైచదువునకు వెళ్లి, తిరిగివచ్చి హైదరాబాదుననే వైద్యమును సాగించెను.