పార్వతీపురంలో సున్నా ఎక్కడికి పోయింది? బ్రౌజర్ స్క్రిప్టుల కథ

ఈ ఎపిసోడ్ ఫోన్‌లో వింటున్నా పర్లేదు గానీ, దగ్గర్లో డెస్క్‌టాప్ ఉంటే దాని ముందు కూర్చోండి. క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. పక్కన ఒక ప్యానెల్ వస్తుంది. అందులో కన్సోల్ ట్యాబ్‌లోకి వెళ్లి, కోట్స్ మధ్యలో పార్వతీపురం అని తెలుగులో టైప్ చేసి, చుక్క పెట్టి, లెంగ్త్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి.

మన లెక్కలో పా, ర్వ, తీ, పు, రం. ఐదు అక్షరాలు. కంప్యూటర్ మాత్రం 11 అంటుంది.

ఎందుకంటే అది అచ్చుని, హల్లుని, గుణింతాన్ని, పొల్లుని, సున్నాని విడివిడిగా లెక్కపెడుతుంది. సరే, దానికి నష్టమేంటి? ఒక ఫారంలో ఊరి పేరు గడి ఉందనుకోండి. తయారు చేసినవాళ్లు దానికి పది అక్షరాల హద్దు పెట్టారనుకోండి. శ్రీకాకుళం సరిగ్గా పదికి సరిపోతుంది. విజయనగరానికి ఎనిమిది చాలు. పార్వతీపురం దగ్గరకొచ్చేసరికి చివరి సున్నా ఎగిరిపోయి "పార్వతీపుర" మిగులుతుంది. ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. ఊరు కాబట్టి సరిపోయింది. అదే ఒక మనిషి పేరైతే? రేషన్ కార్డులో ఒకలా, మార్కుల మెమోలో ఇంకోలా ఉంటే ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1995 మే నెల. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు వెబ్ పేజీల్లో నడవడానికి ఒక చిన్న భాషని పది రోజుల్లో తయారు చేశాడు. మొదటి పేరు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్, డిసెంబర్‌కి జావాస్క్రిప్ట్. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో జేస్క్రిప్ట్ పేరుతో దాని నకలు పెట్టింది. 1997లో ఒక ప్రమాణం వచ్చింది. కానీ భాష ఒకటే అయినా, పేజీలో ఒక వస్తువుని పిలిచే పద్ధతి ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ఉండేది. ఒకదాని కోసం రాసిన పేజీ రెండోదాంట్లో నడిచేది కాదు.

ఆ గొడవ మన ఊళ్లకి నెట్ సెంటర్ల రూపంలో చేరింది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా, ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్, అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6. పేజీ తెరుచుకునేది, కింద ఎడమ మూల ఒక పసుపు త్రికోణం వచ్చేది. లేదంటే ఒక పెట్టె ఎగిరొచ్చి "డీబగ్ చేస్తారా?" అని అడిగేది. లైన్ నంబరు, "ఆబ్జెక్ట్ ఎక్స్‌పెక్టెడ్", ఎస్, నో. రిజల్ట్స్ చూసుకోవడానికి వచ్చిన పిల్లాడికి అదేంటో తెలీదు, వెనక నిలబడ్డ నాన్నకి అసలే తెలీదు. "ఏటైంది దీనికి?" అంటే నెట్ సెంటర్ అన్న వచ్చి నో నొక్కేవాడు. మళ్లీ వస్తే మళ్లీ నో. మన దగ్గర ట్రబుల్‌షూటింగ్ అంటే అప్పట్లో అంతే. నవ్వుకోవచ్చు గానీ, ఆ పెట్టెలో తప్పు ఏ లైన్లో ఉందో నిజంగానే రాసి ఉండేది. ఆ కాగితం చదివేవాళ్లు లేరు, అంతే.

ఇంకో తిప్ప తెలుగుది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు సరిగ్గా అతుక్కోవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో "కాంప్లెక్స్ స్క్రిప్ట్" అనే గడికి టిక్ పెట్టాలి. పెడితే అది విండోస్ సీడీ అడిగేది. నెట్ సెంటర్‌లో సీడీ ఎవరిస్తారు? అందుకే ఈనాడు లాంటి పత్రికల సైట్లు వేరే దారి తొక్కాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన సొంత ఫాంటు తయారు చేసుకుని, పేజీతో పాటు దాన్నీ పంపేవి. ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా తెలుగు. అదే ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. కాపీ చేసి వేరేచోట పెట్టినా పిచ్చి గీతలే.

దీనికి విరుగుడు స్క్రిప్టుతోనే వచ్చింది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టిన వెన్న నాగార్జున, ఫైర్‌ఫాక్స్ కోసం పద్మ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. పత్రిక ఫాంటులోని గీతల్ని బ్రౌజర్‌లోనే యూనికోడ్ తెలుగుగా మార్చేసేది అది. తర్వాత 2006లో వీవెన్ తెచ్చిన లేఖినిలో ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే తెలుగు వచ్చేది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, సీడీ అడగదు. అది కూడా బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్టే. ఒక తరం తెలుగు బ్లాగర్లు దాంతోనే రాశారు. అంటే పేజీని పాడుచేసిన వస్తువే మనకి అక్షరాన్ని కూడా ఇచ్చింది.

ఇప్పుడు స్క్రిప్ట్ అన్న మాటకున్న రెండో అర్థం దగ్గరకి వద్దాం. స్క్రిప్ట్ అంటే లిపి.

మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు గిడుగు రామమూర్తి పంతులు. ఆయన పుట్టినరోజే మనకి తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం పోరాడారని బడిలో చదివాం. రెండో పని గురించి తక్కువ వింటాం. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారు చేశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇస్తామంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి.

ఆ మధ్యలోనే, 1936లో, ఒడిశా వైపు మంగై గొమాంగో అనే సవర పెద్దాయన తమ భాషకి ఒక కొత్త లిపి ప్రకటించారు. దాని పేరు సోరాంగ్ సోంపెంగ్. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సవర దేవత పేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఉన్న సవరలు ఈ భాష వాళ్లే.

ఈ లిపి యూనికోడ్‌లో చేరింది 2012లో. ఇక్కడే మన పది రోజుల భాషకి దీనితో లంకె పడింది.

1991లో యూనికోడ్ మొదలైనప్పుడు మొత్తం 65,536 స్థానాలు చాలనుకున్నారు. జావాస్క్రిప్ట్ ప్రమాణం కూడా అదే కొలతతో వచ్చింది. 1996లో యూనికోడ్ పదకొండు లక్షల స్థానాలు దాటేలా పెరిగింది, జావాస్క్రిప్ట్ కొలత మాత్రం మారలేదు. తెలుగు ముందొచ్చింది కాబట్టి పాత పేటలో ఇల్లు దొరికింది. సవర లిపి 2012లో వచ్చింది కాబట్టి ఊరి బయట కొత్త కాలనీలో దొరికింది. ఆ కాలనీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ జావాస్క్రిప్ట్ రెండుగా లెక్కపెడుతుంది. పది అక్షరాల గడిలో ఐదే పడతాయి. ఇంకా ఘోరం ఏంటంటే, హద్దు తొమ్మిది దగ్గర పెట్టి పేరుని కోసే స్క్రిప్ట్ ఐదో అక్షరాన్ని నిలువునా నరికేస్తుంది. మిగిలిన సగం ఏ అక్షరమూ కాదు. తెర మీద ఒక ఖాళీ డబ్బా, లేదా ప్రశ్నార్థకం.

ఫాంటు కొరత కాదిది. విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ ఫాంటులోనే సోరాంగ్ సోంపెంగ్ ఉంది. అక్షరం మెషీన్‌లో ఉంది, స్క్రిప్టు కత్తెర మాత్రం దాని మధ్యలో పడుతోంది.

మందు లేదా అంటే ఉంది. 2015లో జావాస్క్రిప్ట్‌కి అక్షరాల్ని ముక్కలు కాకుండా నడిచే పద్ధతులు వచ్చాయి. 2018లో "ఏ భాష అక్షరమైనా సరే" అని ఫారంలో సరిచూసే నియమం వచ్చింది. అందులోనూ ఒక గుంట ఉంది. గుణింతపు గుర్తుల్ని అది అక్షరాలుగా ఒప్పుకోదు, వాటిది వేరే గుంపు. ఆ గుంపుని కూడా కలపకపోతే "శ్రీ" అని రాసినా తప్పు అంటుంది. ఇక మనిషి లెక్కపెట్టినట్టు లెక్కపెట్టే సెగ్మెంటర్ అనే పరికరం 2020లో క్రోమ్‌కి, 2024లో ఫైర్‌ఫాక్స్‌కి వచ్చింది. అంటే పరికరాలన్నీ ఉన్నాయి. వాడాల్సింది ఫారాలు రాసేవాళ్లు, అంటే రేపు మీలో కొందరు.

ఇప్పుడు పని మాట. డెస్క్‌టాప్‌లో ఏదైనా పేజీలో బటన్ నొక్కితే కదలట్లేదా? వరసగా ఇవి చేయండి.

ఒకటి, కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. దాచిపెట్టుకున్న పాత స్క్రిప్టుని వదిలేసి కొత్తది తెచ్చుకుంటుంది.

రెండు, ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అక్కడ పనిచేస్తే తప్పు సైటుది కాకపోవచ్చు. మీ ఎక్స్‌టెన్షన్లలో ఏదో, ముఖ్యంగా యాడ్ బ్లాకర్ అడ్డం పడుతుండొచ్చు. పాత కుకీలైనా కావొచ్చు.

మూడు, ఎఫ్12, కన్సోల్. ఎర్ర లైన్లలో మొదటిది చదవండి, చివరిది కాదు. మొదటి తప్పు వల్లే మిగతావి వస్తుంటాయి. "నాట్ డిఫైన్డ్" అని ఉంటే చాలాసార్లు ఏదో ఒక ఫైల్ దిగలేదని అర్థం. పక్కన నెట్‌వర్క్ ట్యాబ్‌లో అది ఎర్రగా కనిపిస్తుంది.

నాలుగు, ఆ లైన్ స్క్రీన్‌షాట్ తీసి, మీరు ఏం టైప్ చేశారో రాసి, సైటు వాళ్లకి పంపండి. "పనిచేయట్లేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "పార్వతీపురం అని కొడితే సున్నా పోతోంది" అంటే బాగు చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఎవరో పంపిన కోడ్‌ని కన్సోల్‌లో పేస్ట్ చేయకండి. మీ అకౌంటే పోవచ్చు.

చివరిగా ఒక మాట. లిపి లేని భాషకి బడి పెట్టిన మనిషి పుట్టిన జిల్లా మనది. ఆయన కాలంలో అడ్డం పడింది పండితులు, పాత పద్ధతులు. ఇప్పుడు అడ్డం పడేది ఒక గడి వెనక ఎవరో ఆలోచించకుండా పెట్టిన అంకె. దాన్ని పట్టుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు, ఎఫ్12 చాలు. మీ పేరు, మీ ఊరి పేరు తెలుగులో కొట్టి చూడండి. ఎంత వస్తుందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.