పెరంబూరు వీధులలో బాల్యం

చెన్నపట్టణానికి వాయవ్యాన ఉన్న పెరంబూరును పల్లె నుండి పేటగా మార్చినవి రైలూ, నూలు మిల్లులూ. 1856లో రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణాదిన తొలి రైలు నడిచింది. ఆ కాలంలోనే పెరంబూరులో రైల్వే కర్మాగారం వెలిసింది. 1870, 1880 దశకాలలో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు వచ్చాయి. ప్రజల నోట అవి బిన్నీ మిల్లులు. 1908లో ఏర్పడిన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతిలో బెజవాడ, గుంతకల్లు మార్గాలు కూడా ఉండుటచే తెలుగు కార్మికులు, గుమాస్తాలు బదిలీలపై ఇక్కడికి చేరారు. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన రైలుపెట్టెల కర్మాగారం, అనగా ఐ.సి.ఎఫ్., మరికొన్ని కుటుంబాలను తెచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినా వీరిలో చాలామంది ఇక్కడే నిలిచిపోయారు. ఇటువంటి పాఠశాలలకు పునాది ఆ కుటుంబాల పిల్లలే.

ఆ పిల్లల బాల్యం ఎంత స్వేచ్ఛగా గడిచిందన్నది ఒక ప్రశ్న, ఎంత క్షేమంగా గడిచిందన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపివేసి “ఆ రోజులే వేరు” అని నిట్టూర్చడం పెద్దలకు పరిపాటి. చరిత్ర అంత సులువుగా ఒప్పుకోదు.

మిల్లుల తొలినాళ్లలో కార్మికుల పిల్లలు చాలామందికి వీధిలో ఆడుకునే తీరికే లేదు. 1881 నాటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు వారిని మాత్రమే పని నుండి తప్పించి, ఏడు నుండి పన్నెండేళ్ల వారికి రోజుకు తొమ్మిది గంటల పనిని అనుమతించింది. 1891లో కనీస వయస్సు తొమ్మిదేళ్లకు, పనివేళలు ఏడు గంటలకు మారాయి. 1922లో వయస్సు పన్నెండుకు పెరిగి, పని ఆరు గంటలకు తగ్గింది. పద్నాలుగేళ్ల లోపు వారికి ఫ్యాక్టరీ తలుపులు పూర్తిగా మూసినది 1948 నాటి చట్టమే. పెరంబూరు మిల్లులలోనూ సగం పూట పని, సగం పూట చదువుగా గడిపిన బాలలు ఉండేవారు. వారి కోసం యాజమాన్యం బడి కూడా నడిపింది. పూట పనితో అలసిన పసివాడికి ఆ అక్షరాలు ఏమాత్రం తలకెక్కేవో ఊహించుకోవలసిందే.

ఈ విషయంలో 1920 సంవత్సరం గమనింపదగినది. దేశంలోనే మొదటిదైన బాలల చట్టాన్ని ఆ ఏడాది మద్రాసు రాష్ట్రమే చేసింది. ప్రాథమిక విద్యా చట్టమూ ఆనాటిదే. నగర కార్పొరేషను అధ్యక్షులు, తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో మధ్యాహ్న భోజనానికి నాంది పలికారు. అంతకు రెండేళ్ల ముందే, 1918లో, పెరంబూరు మిల్లు కార్మికులు బి.పి. వాడియా నాయకత్వాన మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించి యున్నారు. తండ్రి పనివేళలకు హద్దు కోరిన ఉద్యమం, పిల్లవాడి బాల్యానికి హద్దులు గీసిన చట్టాలు ఒకే కాలంలో పుట్టడం కాకతాళీయం కాదనిపిస్తుంది.

పెద్దలు ముచ్చటగా తలచుకొనే స్వేచ్ఛ ఆ తరువాతిది, ఇంచుమించు 1930 నుండి 1970 వరకు. రైల్వే క్వార్టర్ల ఖాళీ స్థలాలలో గోలీలు, బొంగరాలు, బిళ్ళంగోడు. ఎండకాలంలో మేడల మీద గాలిపటాలు. బడి వదిలాక చీకటి పడేదాకా పిల్లలు ఎక్కడున్నారని అడిగేవారు అరుదు. అడగకపోవడానికి కారణం తల్లిదండ్రుల ధైర్యం ఒక్కటే కాదు. షిఫ్టు మారే వేళ వీధి నిండా పరిచయస్థులే. అరుగు మీద రాత్రి పని ముగించి వచ్చిన మామ, కొళాయి దగ్గర బిందెతో పక్కింటి అత్త, సైకిలుపై తండ్రితో పాటు పనిచేసే బాబాయి. ఏ పిల్లవాడు ఎవరి బిడ్డో అందరికీ తెలుసు. రైలు పట్టాలు దాటితే చెవి మెలిపెట్టే హక్కు అందరికీ ఉండేది. మిల్లు కూత వారికి గడియారం. ఆ కాలపు బాల్యానికి కాపలా లేదనుకోవడం పొరపాటు. కాపలా కాచినది వీధి.

అయినను వీధి అన్నిటి నుండీ కాపాడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 146 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28, తమిళనాడులో 13. మశూచి దేశాన్ని విడిచినది 1975లో. పోలియో చివరి కేసు 2011లో. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడినప్పుడు మద్రాసు ప్రజలు లక్షలుగా ఊరు విడిచారు. వేసవి సెలవులకు వెళ్లవలసిన పిల్లలు ప్రాణభయంతో తాతగారి ఊళ్లకు చేరారు.

పైగా ఆ స్వేచ్ఛ అందరిదీ కాదు. పదిపన్నెండేళ్లు రాగానే ఆడపిల్లకు వీధి మూసుకుపోయేది. 1930లో అమలుకు వచ్చిన శారదా చట్టం బాలికల వివాహ వయస్సును పద్నాలుగుగా నిర్ణయించినా, బడి మానిపించడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు. “మా కాలంలో” అంటూ చెప్పబడే కథలలో చెట్లెక్కినవారు, కాలువలో ఈదినవారు తరచుగా మగపిల్లలే కావడం గమనార్హం.

1990ల మధ్యలో బిన్నీ మిల్లులు మూతపడ్డాయి. కూత ఆగింది. ఆ స్థలంలో తరువాత బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. అరుగులు పోయి గేట్లు వచ్చాయి. రోడ్డు వాహనాల పాలైంది. ఈ మార్పు పెరంబూరుకే పరిమితం కాదు. ఇంగ్లండులో మేయర్ హిల్‌మన్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లలలో 80 శాతం పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లగా, 1990 నాటికి అలా వెళ్లినవారు 9 శాతమే. రోడ్డు ప్రమాదాలలో పిల్లల మరణాలు తగ్గినది రోడ్లు బాగుపడినందువలన కాదు, పిల్లలే రోడ్డు విడిచినందువలన అని వారి వాదన. పెరంబూరు హైరోడ్డును సాయంకాలం దాటజూచిన వారెవరూ దీనిని తోసిపుచ్చరు. ఆటవస్తువు సైతం మారింది. 2019 నవంబరులో కొరుక్కుపేట ప్రాంతంలో తండ్రితో మోటారు సైకిలుపై వెళుతున్న మూడేళ్ల బాలుడు, ఎవరో ఎగురవేసిన గాలిపటపు మాంజా మెడకు కోసుకొని మరణించాడు. గాజుపొడి పూసిన దారం పాతదే; దానికి అడ్డంగా వేగంగా పోయే బండి కొత్తది.

వీధి చేతి నుండి జారిన బాధ్యత బడిపై, చట్టంపై పడింది. అది దుర్ఘటనల పిమ్మట కాని జరగలేదన్నది చేదు నిజం. 2004 జూలై 16న కుంభకోణం పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది చిన్నారులు ఆహుతైన తరువాతనే తాటాకు పైకప్పులు, ఇరుకు మెట్లు పరిశీలనకు వచ్చాయి. 2012 జూలైలో చెన్నై శివార్లలో బడి బస్సు అడుగున ఉన్న రంధ్రం గుండా రెండవ తరగతి బాలిక జారిపడి మరణించిన పిదపనే రాష్ట్రంలో బడి వాహనాలకు ప్రత్యేక నియమాలు ఏర్పడ్డాయి.

అదే ఏడాది నవంబరు 14న అమలుకు వచ్చిన పోక్సో చట్టం మరొక తెరను తొలగించింది. ఈ చట్టం క్రింద నమోదైన అత్యాచార కేసులలో తొంభై శాతానికి పైగా నిందితులు బాధిత పిల్లలకు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు చూపుతున్నాయి. అనగా అందరూ అందరికీ తెలిసిన ఆ పాత వీధి పట్టాల మీది బిడ్డను వెనక్కు లాగగలిగినా, తెలిసినవాని చేతి నుండి బిడ్డను రక్షించగలిగిందని చెప్పలేము. నాడు అటువంటి మాట ఇంట్లో పలుకుటకే పిల్లలు జంకేవారు. పలికితే దెబ్బ తినేవారు. నేడు 1098కు ఫోను చేయవచ్చునని బడిలోనే నేర్పుతున్నారు.

మరొక మార్పును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తమిళనాడు ప్రభుత్వం 2001లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలతో ప్రారంభించిన ఉచిత సైకిళ్ల పథకం కొద్ది సంవత్సరాలలోనే ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల ప్లస్ వన్ విద్యార్థులందరికీ విస్తరించింది. నాలుగు గంటలకు బడి గంట మోగినప్పుడు ఒకటవ తరగతి పిల్లల కోసం తాతలు, తల్లులు గేటు ముందు గుమిగూడి ఉంటారు. ఒక్క బిడ్డయినా ఒంటరిగా కదలడు. ఆ గుంపును తప్పించుకుంటూ, జడలు ముందుకు వేసుకొని, ఏ వయస్సులో తమ అమ్మమ్మలకు వీధి మూసుకుపోయిందో ఆ వయస్సు దాటిన ఆడపిల్లలు అయనావరం వైపు, సెంబియం వైపు సైకిళ్లపై సాగిపోతుంటారు.