గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరమున, వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అమెరికను బాప్టిస్టు మిషను చరిత్రలో ఈ సంఖ్య మిక్కిలి ప్రసిద్ధము. నాకు మాత్రము అంతకుముందు గడచిన పదునైదు మాసములే విచారణీయముగ దోచుచున్నవి. ఆ కాలమున ఆ మిషనువారే, వేడుకొన్నవారికి సయితము బాప్తిస్మ మీయక నిలిపియుంచిరి.

కారణము క్షామము. 1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని పీడించిన ఆ కఱవులో జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని గుత్తకు గొని, మాదిగలకును తక్కిన బీదలకును కూలి కల్పించెను. కూటికొఱకు మతమున జేరిరను మాట పుట్టకుండుటకై, సహాయము పంచుచున్నంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయరాదని నిశ్చయించెను. పంచుట ఆపిన పిదపనే జనులు నీట దిగిరి. ఆ జూలైదినమున ఆఱుగురు దేశీయ బోధకులు, ఇద్దఱేసి చొప్పున నీటిలో నిలిచి, ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఆ పని నడపిరి. దొర తాను ఒక్కరికిని ఈయలేదు.

ఆ పదునైదు మాసములలో ఆకలిచేతను విశూచిచేతను జనులు మూకలుగ మడిసిరి. కాచుకొనియున్నవారిలో ఎవరును చావలేదని యెవరు చెప్పగలరు? నీటిసంస్కారము లేనిదే రక్షణ లేదని నిజముగ నమ్మినవాడు దానిని ఒక్కపూట యైనను నిలుపగలడా?

నిలుపలేనివారును ఉండిరి. దక్షిణతీరమున పరవవారి పల్లెలలో జ్ఞానస్నానము లిచ్చి యిచ్చి చేతులు సోలిపోవుచున్నవని ఫ్రాన్సిస్ జేవియరు 1544 జనవరిలో కొచ్చినుండి వ్రాసెను. ఆ తొందర వెనుక అగస్టీను సిద్ధాంతమున్నది. 5వ శతాబ్దారంభమున పెలేగియసు పక్షమువారితో వాదించుచు ఆయన, జ్ఞానస్నానము లేక చనిపోయిన శిశువునకు సయితము దండన తప్పదనియు, అది మిక్కిలి లఘువైన దండన యనియు తీర్పు చెప్పెను. పురిటిబిడ్డను గోల్పోయిన తల్లికి ఆ 'లఘువు' అను మాట యేమి యోదార్పు?

చిత్రమేమనగా, అగస్టీనునకు 387లో జ్ఞానస్నాన మిచ్చిన అంబ్రోజే వేఱొక మార్గము చూపియుండెను. 392లో రెండవ వాలెంటీనియను చక్రవర్తి ఆ సంస్కారమును గోరియు పొందకయే మరణింపగా, కోరినది ఆయనకు లభించియే యుండునని అంబ్రోజు చరమప్రసంగమున పలికెను. 1547లో ట్రెంటు మహాసభయు జ్ఞానస్నానము అవసరమనుచునే, దానికొఱకైన కోరికకును చోటిచ్చెను. కాని శిశువు కోరజాలదు గదా! ఆ శిశువుల రక్షణకై ఆశించుటకు హేతువులు గలవని రోములోని వేదాంతసంఘము 2007లో గాని ప్రకటింపలేదు. పదునాఱు శతాబ్దులు పట్టెను.

బాప్టిస్టుల త్రోవ వేఱు. వారికి నీరు రక్షణకు కారణము గాదు. విశ్వసించినవాడు పదుగురియెదుట నిచ్చు సాక్ష్యము. నీటివలనను ఆత్మవలనను జన్మింపవలెనని యోహాను సువార్తలో నున్నమాట నిజమే. కాని క్రీస్తు ప్రక్కన సిలువ వేయబడిన దొంగకు నీరెక్కడిది? కొర్నేలి యింటివారిపై ఆత్మ దిగివచ్చినది బాప్తిస్మమునకు ముందే గదా. చిత్తశుద్ధి లేని తీర్థస్నానము ఫలించునా యని తరతరములుగ వాదించుకొన్న మనకు ఈ చర్చ క్రొత్తగా నుండదు.

కాబట్టి క్లౌ దొర నిలుపుటకు లోకనిందాభయ మెంత కారణమో, ఆయన విశ్వాసమును అంత కారణము. నీరు లేక చచ్చినవాడు నశించునని తోచియుండినచో, ఎంత నిందకైనను ఆయన ఆగియుండడనియే నా తలంపు.

అయినను ఆ మాదిగలకు బాప్తిస్మము వట్టి గుర్తు గాదు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహముల గొలువరాదు. ఈ మూడు నియమములును ఊరి కాపులతోను, కరణముతోను, గ్రామదేవత జాతరతోను వైరము తెచ్చునవే. నీటిలో మునిగి లేచినవాని కూలి పోవచ్చును, దెబ్బలును తగులవచ్చును. ఇంత తెలిసియు, సహాయపు గింజలు ఆగిపోయిన తరువాత, ఆ సంవత్సరము ముగియులోపల 9,000 మందికి పైగా నీట దిగిరి.